ఆరు గొట్టాల రెక్కల రాకెట్: రెండు బీటీ-50 గొట్టాలతో సొంతంగా కట్టే నమూనాపై సమీక్ష

మోడల్ రాకెట్‌కు పలుచని చెక్క పలకల బదులు గుండ్రటి కాగితపు గొట్టాలనే రెక్కలుగా అతికించే నమూనా ఒకటి చాలాకాలంగా ఔత్సాహికుల వాడుకలో ఉంది. కిట్ కొనకుండా, విడిభాగాలు తెచ్చుకుని సొంతంగా రాకెట్ కట్టాలనుకునేవారికి మొదటి ప్రయత్నంగా నేను ఈ నమూనానే సిఫారసు చేస్తాను. ఇది ఎక్కువ ఎత్తుకు ఎగరదు. అయినా రెక్కలు వంకర లేకుండా నిలబెట్టడమనే అసలు కష్టాన్ని గొట్టాల ఆకారమే తీర్చేస్తుంది కనుక, కట్టడంలో అనుభవం లేనివారి చేతిలో కూడా నిటారుగా ఎగిరే రాకెట్ తయారవుతుంది.

ఒక వృత్తం చుట్టూ అదే కొలత గల వృత్తాలు సరిగ్గా ఆరు పడతాయి. ప్రతి వృత్తమూ మధ్యనున్న దానినీ, తన ఇరుపక్కల వాటినీ తాకుతుంది. రాకెట్ దేహానికి ఏ గొట్టం వాడామో రెక్కలకూ అదే గొట్టం వాడితే, అరవై డిగ్రీల కోణాలు ప్రత్యేకంగా కొలవకుండానే అవే కుదురుకుంటాయి. పలక రెక్కలకైతే దేహం మీద సమాన దూరాల్లో గీతలు గీయాలి, బాల్సా చెక్క నార ఏ దిశలో ఉందో చూసి కోయాలి, ప్రతి రెక్కనూ దేహానికి లంబంగా జిగురు ఆరేదాకా పట్టి ఉంచాలి. గొట్టాల విషయంలో ఈ మూడు పనుల్లో మొదటిది చాలావరకు తగ్గిపోతుంది, మిగతా రెండూ పూర్తిగా తప్పిపోతాయి.

నేను ఎంచుకున్నది మోడల్ రాకెట్లు తయారుచేసే అమెరికా సంస్థ ఎస్టెస్ కొలతల వరుసలోని బీటీ-50 గొట్టం. బీటీ అంటే బాడీ ట్యూబ్, దేహపు గొట్టం. దీని బయటి వ్యాసం 24.8 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 24.1 మిల్లీమీటర్లు, గోడ మందం మిల్లీమీటరులో దాదాపు మూడో వంతు. 18 అంగుళాల పొడవుతో, అంటే 457 మిల్లీమీటర్లతో, దొరికే ఈ గొట్టం బరువు ఏడెనిమిది గ్రాములకు మించదు. ఒక గొట్టాన్ని దేహంగా యథాతథంగా ఉంచి, రెండో దానిని మూడేసి అంగుళాల చొప్పున కోస్తే ఆరు రెక్కలు వస్తాయి, ముక్క కూడా మిగలదు. కాకపోతే ఈ లెక్క పదునైన బ్లేడుతో కోసినప్పుడే నిలుస్తుంది, ఎందుకంటే రంపం ప్రతి కోతకూ కొంత కాగితాన్ని పొడి చేసి మింగేస్తుంది.

గొట్టం నాణ్యత గురించి చెప్పాలంటే, గుండ్రదనమూ గట్టిదనమూ ఈ పనికి చక్కగా సరిపోతాయి. దేహం మీద మెలికలు తిరుగుతూ పోయే సన్నని అతుకు గీత రంగు వేశాక కూడా కనిపిస్తుంది. అది నచ్చనివారు ముందుగానే పలుచని పుట్టీతో పూడ్చుకోవాలి. పైపొర నునుపుగా, మెరుస్తూ ఉంటుంది కనుక జిగురు దానికి గట్టిగా పట్టదు. అతుకు పడే చోట్ల సన్నని గరుకు కాగితంతో ఆ మెరుపు పోయేదాకా రుద్దడం తప్పనిసరి. ఎగిరేటప్పుడు కాక నేలను తాకేటప్పుడు రెక్కలు ఊడిపోయే రాకెట్లలో ఎక్కువ భాగం ఈ చిన్న పనిని వదిలేసినవే.

కోసే పనికి తొందర పనికిరాదు. గొట్టం చుట్టూ నిటారు అంచున్న కాగితపు పట్టీని చుట్టి, దాని రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా అంటించి, ఆ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీయాలి. కోసేటప్పుడు గొట్టం నొక్కుకుపోకుండా లోపల ఒక కప్లర్ ముక్కను, అంటే రెండు గొట్టాలను కలపడానికి లోపల దూర్చే పొట్టి గొట్టాన్ని, ఆసరాగా పెట్టి, బ్లేడును తేలికగా ఆనించి గొట్టాన్ని తిప్పుతూ, ఒక్కో చుట్టుకు ఒక్కో పొర తెగేలా నాలుగైదు చుట్లలో కోయాలి. ఒకే ఊపులో కోస్తే అంచు వంకరపోతుంది, ఆ వంకర అన్ని ముక్కలనూ పక్కపక్కన నిలబెట్టినప్పుడు స్పష్టంగా బయటపడుతుంది.

అతికించడం ఈ నమూనాలో అన్నింటికన్నా ఆసక్తికరమైన ఘట్టం. లెక్క ప్రకారం ఆరు గొట్టాలు ఖాళీ లేకుండా పట్టాలి గానీ, కాగితపు గొట్టాల కొలతల్లో సూక్ష్మమైన తేడాలుంటాయి. రెక్కలకు ముందే రంగు వేసినందువల్ల ఒక్కో దాని వ్యాసం మిల్లీమీటరులో పదో వంతు పెరిగినా, ఆరోది దగ్గరికి వచ్చేసరికి దాదాపు మూడో వంతు మిల్లీమీటరు చోటు తక్కువ పడుతుంది. కాగితం కొంత ఒదుగుతుంది కనుక బలవంతంగా దూర్చవచ్చు, కానీ అప్పుడు రెక్కలు కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతాయి. ఇందుకు విరుద్ధంగా దేహానికే రంగు మందంగా పడితే గొట్టాల మధ్య సందు మిగులుతుంది. అందువల్ల జిగురు ముట్టక ముందే ఆరింటినీ దేహం చుట్టూ పేర్చి, రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, అద్దం పలక లాంటి చదునైన చోట నిలబెట్టి చూసుకోవాలి.

ఒకదాని పక్కన ఒకటిగా వరుసగా అతికిస్తూ పోయే పద్ధతిని నేను ఇష్టపడను, ఎందుకంటే అందులో ప్రతి చిన్న తేడా పోగై చివరి గొట్టం మీద పడుతుంది. దానికన్నా ఒకటి, మూడు, ఐదో గొట్టాలకు మాత్రమే జిగురు రాసి, రెండు, నాలుగు, ఆరో వాటిని జిగురు లేకుండా మధ్యలో ఆసరాగా నిలిపి, రబ్బరు బ్యాండ్లతో బిగించి ఆరనివ్వడం మేలు. తరువాత ఆసరా గొట్టాలను పైకి లాగి, దేహం మీదా ఇరుపక్కల గొట్టాల మీదా సన్నని జిగురు గీతలు గీసి తిరిగి దింపితే, ఉన్న తేడా ఏదైనా ఆరు చోట్లకూ సమానంగా పంచుకుపోతుంది. చెక్క పనికి వాడే పసుపు రంగు జిగురు ఇందుకు చాలినంత బలమైనది. ఆరాక ఆ అతుకు కాగితం కన్నా గట్టిగా ఉంటుంది. ఆపైన దేహానికీ రెండు రెక్కలకూ మధ్య ఏర్పడే మూడు మూలల సందులోకి ఒక్కో కొస నుంచీ సన్నని పుల్లతో జిగురు పూయాలి. రెక్క పొడవు 76 మిల్లీమీటర్లే కనుక పుల్ల సగం దాకా సులభంగా అందుతుంది.

మోటార్ అమరిక విషయంలో కొత్తదనం ఏమీ లేదు. 18 మిల్లీమీటర్ల మోటార్ పట్టే బీటీ-20 గొట్టం, దానిని బీటీ-50 మధ్యలో నిలిపే రెండు సెంటరింగ్ రింగులు, వెనక్కి జారకుండా ఆపే లోహపు కొక్కెం, ముందుకు దూసుకుపోకుండా ఆపే కట్టు ఉంటే చాలు. మోటార్ మాత్రం ఎల్లప్పుడూ కంపెనీలో తయారైనదే కొనాలి. దేహం, రెక్కలు, ముక్కు ఇంట్లో చేసుకునేవి గానీ ఇంధనం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంట్లో కలిపేది కాదు.

రాకెట్ నిలకడగా ఎగరాలంటే దాని గురుత్వ కేంద్రం, గాలి పీడన కేంద్రానికి, అంటే రాకెట్ మీద గాలి ఒత్తిడి అంతా కలిసి పనిచేసే బిందువుకు, ముక్కు వైపున కనీసం ఒక దేహ వ్యాసం దూరంలో, అంటే ఇక్కడ దాదాపు 25 మిల్లీమీటర్ల దూరంలో, ఉండాలి. పీడన కేంద్రాన్ని లెక్కగట్టడానికి అమెరికా రాకెట్ ఇంజనీరు జేమ్స్ బారోమన్ 1966లో ఔత్సాహికులకు అందించిన సమీకరణాలు పలుచని పలక రెక్కల కోసం ఉద్దేశించినవి. గొట్టాలకు అవి నేరుగా వర్తించవు. 2009లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో సాంపో నిస్కానెన్ సిద్ధాంత వ్యాసంగా మొదలైన ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గొట్టపు రెక్కలకు ప్రత్యేకమైన భాగం ఉంది. ఎన్ని గొట్టాలో చెబితే అవి ఒకదానినొకటి తాకేందుకు కావలసిన వ్యాసాన్ని అదే లెక్కిస్తుంది. ఇంత పని ఉచితంగా చేసిపెట్టే సాధనం చేతిలో ఉండగా అంచనా మీద కట్టడంలో అర్థం లేదు. అయినా గొట్టాల లోపలా, సందుల్లోనూ గాలి నడక క్లిష్టమైనది కనుక, సాఫ్ట్‌వేర్ చూపే అంకెను తుది తీర్పుగా తీసుకోకుండా, మోటారూ పారాచూటూ అమర్చిన రాకెట్‌ను గురుత్వ కేంద్రం దగ్గర దారంతో కట్టి తల చుట్టూ తిప్పి చూడమని నా సలహా. ముక్కు ముందుగా పెట్టుకుని తిరిగితే నిలకడ ఉన్నట్టే. అలా తిరగకపోతే ముక్కు భాగంలో కొంచెం మోడలింగ్ క్లే దట్టించి బరువు పెంచాలి. రెక్కలూ వాటి జిగురూ పాతిక గ్రాముల మోటారూ అన్నీ తోకవైపే చేరతాయి కనుక, దేహాన్ని పొట్టిగా కోసుకున్నవారికి ఈ అవసరం తప్పకుండా వస్తుంది.

ఇక ఈ నమూనాలోని అసలు లోపం గాలి నిరోధం. రెక్క గొట్టాలకు బయటి గోడతో పాటు లోపలి గోడ కూడా గాలికి తగులుతుంది. ఆరు రెక్కల ఉపరితలం మొత్తం దాదాపు 700 చదరపు సెంటీమీటర్లు. ఇది దేహపు ఉపరితలానికి ఇంచుమించు రెట్టింపు. అదే బరువున్న మూడు పలక రెక్కల రాకెట్ అదే మోటార్‌తో దీనికన్నా చాలా పైకి పోతుంది. ఎత్తు కోసం పోటీపడేవారు దీనిని ఎంచుకోకూడదు. రాకెట్ కళ్లకు కనిపించేంత ఎత్తులో ఎగిరి, గాలికి కొట్టుకుపోకుండా దగ్గరలోనే దిగాలనుకునేవారికి మాత్రం ఇదే లోపం మంచి గుణంగా పనికివస్తుంది.

ఈ నిరోధాన్ని మోటార్ ఎంపికలో లెక్కలోకి తీసుకోవాలి. సీ6-5 అన్న మోటార్ గుర్తులో చివరి అంకె, ఇంధనం కాలిపోయాక పారాచూట్‌ను బయటకు నెట్టే పేలుడు జరిగేదాకా గడిచే సెకన్లను చెబుతుంది. నిరోధం ఎక్కువైన రాకెట్ త్వరగా వేగం కోల్పోయి త్వరగా శిఖరానికి చేరుతుంది కనుక, ఐదు సెకన్లు గడిచేలోగా అది ముక్కు కిందికి వాల్చి వేగంగా పడుతూ ఉండవచ్చు. ఆ వేగంలో పారాచూట్ తెరుచుకుంటే ముక్కునూ దేహాన్నీ కలిపి ఉంచే తాడు (షాక్ కార్డ్) కాగితపు దేహం అంచును చీల్చేస్తుంది. కట్టిన రాకెట్‌ను తూచి, అసలు బరువును ఓపెన్‌రాకెట్‌లో నమోదు చేసి, సీ6-5, సీ6-3 రెండింటితోనూ పోల్చి చూశాకే నిర్ణయించుకోవాలి. తొలి ప్రయోగానికి వీటికన్నా తక్కువ శక్తి గల బీ6-4ను ఇదే విధంగా సరిచూసుకుని వాడటం మరింత వివేకమైన పని.

లాంచ్ లగ్‌ను, అంటే పైకి లేచేటప్పుడు రాకెట్‌కు దారి చూపే నిటారు కడ్డీ (లాంచ్ రాడ్) దూరే సన్నని గొట్టాన్ని, ఎక్కడ అతికించాలన్న ప్రశ్నకు ఈ నమూనా ఇచ్చే జవాబు నాకు ఎంతో నచ్చింది. రెండు రెక్కలు కలిసే చోట బయటివైపున సహజంగా ఏర్పడే గాడిలో లగ్ గొట్టం తిన్నగా కూర్చుంటుంది, వేరే గీత అవసరం లేదు. లోపలి మూడు మూలల సందులో కూడా దాదాపు 3.8 మిల్లీమీటర్ల వ్యాసం గల కడ్డీ పట్టేంత చోటుంటుంది కనుక, 3.2 మిల్లీమీటర్ల ప్రామాణిక లాంచ్ రాడ్‌ను అందులోంచే పోనిచ్చేవారూ ఉన్నారు. అయితే ఆ సందులో జిగురు పూస్తే రాడ్ బిగుసుకుంటుంది, పూయకపోతే అతుకు బలహీనపడుతుంది. ఈ కారణం వల్ల నా ఓటు బయటి గాడికే. ప్రయోగం వేళ అమెరికా నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమావళి చెప్పినట్టు విద్యుత్ ఇగ్నైటర్‌తోనే వెలిగించాలి, ఈ స్థాయి మోటార్లకు కనీసం 15 అడుగుల దూరంలో నిలబడాలి, మోటార్ వెలగకపోతే లాంచర్ బ్యాటరీ కనెక్షన్ తీసేసి, చివరి ప్రయత్నం తరువాత 60 సెకన్ల దాకా రాకెట్ దగ్గరికి వెళ్లకూడదు.

మన్నికలో ఈ రాకెట్‌కు పూర్తి మార్కులు ఇస్తాను. పలక రెక్క నేలకు తగిలితే ఆ దెబ్బంతా దాని మొదట్లో ఉన్న ఒక్క అతుకు మీద పడుతుంది. ఇక్కడ ప్రతి గొట్టమూ దేహానికీ, ఇరుపక్కల గొట్టాలకూ అతుక్కుని ఉంటుంది కనుక దెబ్బ మొత్తం గుత్తికి పంచుకుపోతుంది. రంగు విషయంలో మాత్రం ఓపిక కావాలి. అతికించిన తరువాత గొట్టాల లోపలికి స్ప్రే సరిగ్గా చేరదు, ముందే వేస్తే జిగురు పట్టదు. గొట్టాల లోపలి వైపు ముందే రంగు వేసుకుని, బయటి వైపు అతికించిన తరువాత వేయడం రెండింటికీ మధ్యేమార్గం.

ఈ ఆరు గొట్టాల రాకెట్ కుదిరినవారు దీని తరువాత కట్టదగినది, అదే బీటీ-50 దేహం చుట్టూ ఏడు బీటీ-20 గొట్టాలు ఉన్న రూపం. ఏడు గొట్టాలు ఒకదానినొకటి తాకుతూ పట్టాలంటే ఒక్కోటి 19 మిల్లీమీటర్లు ఉండాలి, బీటీ-20 వ్యాసం 18.7 మిల్లీమీటర్లు. చుట్టూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు కన్నా తక్కువ ఖాళీయే మిగులుతుంది. దానిని ఏడు సందులకూ సమానంగా పంచి జిగురుతో పూడిస్తే సరిపోతుంది. అయితే ఏడు బేసి సంఖ్య కనుక, ఒకటి విడిచి ఒకటి అతికించే పద్ధతి అక్కడ పనిచేయదు. ప్రతి గొట్టానికీ దేహం మీద ముందుగానే కొలిచి గీత గీసుకోవాలి.