పెంటాక్స్ 17 రివ్యూ: రోలుకు 72 ఫోటోలు నిజమే, ఫోకస్ మాత్రం మీ పని

పెంటాక్స్ బ్రాండు సొంతదారు రికో ఇమేజింగ్ 2022 డిసెంబరులో ఫిల్మ్ కెమెరా ప్రాజెక్టును ప్రకటించి, 2024 జూన్‌లో పెంటాక్స్ 17ను బయటపెట్టింది. మధ్యలో డిజైనర్ టకేవో సుజుకి వీడియోల్లో కనిపిస్తూ, రీలు తిప్పే లివరు ఎలా ఉండాలన్న దగ్గర్నుంచి ప్రతిదీ చెప్పుకొచ్చారు. తెలివైన ప్రచారం. కెమెరా రాకముందే కొనేవాళ్లు సిద్ధమయ్యారు. విడుదలయ్యాక మాత్రం ప్రచారమంతా రోలుకు రెట్టింపు ఫోటోలు, ఫోన్ తెరకు సరిపోయే నిలువు ఫ్రేము అంటూ తిరిగింది. అవి నిజమే: ఇది హాఫ్‌ఫ్రేమ్ కెమెరా, మామూలు 35 మి.మీ. ఫ్రేము (ఫుల్‌ఫ్రేము)లో దాదాపు సగం మీదే ఒక్కో ఫోటో తీస్తుంది, అందుకే 36 ఫోటోల రోలులో 72 పడతాయి. కానీ ఈ కెమెరా చేతికి కుదురుతుందా, విసిగిస్తుందా అన్నది తేల్చేది ఫోకస్. దాని గురించే అమ్మేవాళ్లు తక్కువ చెబుతారు.

25 మి.మీ. ఎఫ్/3.5 లెన్సు ఇది, ఫుల్‌ఫ్రేములో 37 మి.మీ.కు సమానం. (ఎఫ్ అంకె లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది.) మూడే గాజులున్నా, పెంటాక్స్ వాళ్ల పాత కెమెరా ఎస్పియో మినీ లెన్సు వంశం కాబట్టి బొమ్మ పదునుగా వస్తుంది. ఆటోఫోకస్ లేదు, దూరం కొలిచి చూపే రేంజ్‌ఫైండరూ లేదు. రింగు మీద ఆరు గుర్తులుంటాయి: 0.25, 0.5, 1.2, 1.7, 3 మీటర్లు, ఆపైన దూరం. దూరం కళ్లతో అంచనా వేసి రింగు తిప్పాలి. లెన్సు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1.2 గుర్తు దగ్గర ఒక మీటరు నుంచి 1.4 వరకే స్పష్టంగా ఉంటుంది. 0.25 దగ్గరైతే అటూ ఇటూ ఒక్క సెంటీమీటరే. మన పాత కొలతలు ఇక్కడ భలే పనికొస్తాయి. జానకు వేలెడు కలిపితే మొదటి గుర్తు, మూర కంటే కాస్త ఎక్కువైతే రెండోది, బారెడు దూరమైతే 1.7. ఇంకా కచ్చితంగా కావాలంటే స్ట్రాప్ కొక్కానికి 25 సెంటీమీటర్ల దారం కట్టుకోండి. దగ్గరి ఫోటోల్లో మరో చిక్కు కూడా ఉంది: వ్యూఫైండర్ లెన్సుకు పైన ఉంటుంది కాబట్టి, అందులో గీసిన దగ్గరి ఫ్రేము గీతలను పాటించకపోతే తలలు తెగుతాయి.

డయల్ ఆటోలో ఉంటే ఇవేవీ పట్టవు. రింగు ఎక్కడున్నా కెమెరా దాన్ని లెక్కచేయక, మధ్యస్థ దూరాలన్నీ కలిసొచ్చే పాన్ ఫోకస్‌కు వెళ్తుంది. రింగు బాగానే తిప్పాను, మొహం మసకగా వచ్చిందనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. రింగు మాట చెల్లాలంటే డయల్‌ను ఆటో నుంచి తప్పించి, పీ (ప్రోగ్రామ్) లాంటి మోడ్ మీద పెట్టాలి.

నేపథ్యాన్ని మసకబార్చే బొకే మోడ్ పేరు చూసి ఆశపడితే కొంచెం లెక్క వేసుకోవాలి. షట్టర్ గరిష్ఠ వేగం సెకనులో 1/350 వంతు. ఎఫ్/3.5 దగ్గర అది ఈవీ 12 వెలుతురునే తట్టుకుంటుంది (ఈవీ వెలుతురు కొలత, ఒక్కో అంకెకు వెలుతురు రెట్టింపవుతుంది). ఐఎస్ఓ 400 ఫిల్మ్‌తో (ఐఎస్ఓ అంటే ఫిల్మ్ వెలుతురును పట్టే వేగం) ఎండలో వెలుతురు ఈవీ 17 దాకా ఉంటుంది కాబట్టి, మోడ్ పేరు ఏదైనా లెన్సు రంధ్రం చిన్నది కాక తప్పదు. వెనక నేపథ్యం కరగాలంటే 100 ఫిల్మ్ వేసుకుని నీడలో, రింగు 0.5 లేదా 1.2 మీద పెట్టి తీయాలి. ఎఫ్/16, 1/350 దగ్గర కెమెరా హద్దు ఈవీ 16.5. అందుకే 800 ఫిల్మ్‌తో మండుటెండలో తీస్తే స్టాపున్నర (ఈవీలో ఒకటిన్నర) ఎక్కువ వెలుతురు పడుతుంది. కలర్ నెగటివ్ దాన్ని ఓర్చుకుంటుంది, స్లైడ్ ఫిల్మ్ ఓర్చుకోదు. ఇంట్లో దీపాల వెలుతురులో అదే 400 ఫిల్మ్‌తో షట్టర్ సెకనులో పదో వంతుకు దిగుతుంది, చేతిలో పట్టుకుంటే కదిలిపోతుంది. అప్పుడు డయల్‌పై పసుపు వైపున్న ఫ్లాష్ మోడ్‌లు వాడాలి. ఫ్లాష్ శక్తిని చెప్పే గైడ్ నంబరు 6 మాత్రమే: 100 ఫిల్మ్‌తో ఎఫ్/3.5 దగ్గర 1.7 మీటర్లు, 400తో సుమారు 3.4. అంతకు మించి ఆశించొద్దు.

ఐఎస్ఓ చేత్తోనే పెట్టాలి, ఫిల్మ్ డబ్బా మీది కోడ్‌ను కెమెరా చదవదు. రోలు మార్చినప్పుడల్లా ఇది మరిచిపోతారు. ఫిల్మ్ పెట్టె అట్టముక్కను కెమెరా వెనకున్న చిన్న చట్రంలో దోపితే ఆ పొరపాటు సగం తగ్గుతుంది. ఫిల్మ్ ఎక్కించాక లివరు తిప్పుతుంటే రీవైండ్ క్రాంక్ కూడా తిరగాలి. తిరగకపోతే ఫిల్మ్ పట్టుకోలేదన్నమాట, 72 చూపించినా ఒక్క ఫోటో ఉండదు. వ్యూఫైండర్ లెన్సు గుండా చూపించదు కాబట్టి క్యాప్ తీశామో లేదో కూడా చూసుకోవాలి. సీఆర్2 బ్యాటరీ అయిపోతే షట్టర్ పడదు, ఒకటి అదనంగా జేబులో ఉండాలి.

నెగటివ్ 17 × 24 మి.మీ., ఫుల్‌ఫ్రేములో సగానికి కాస్త తక్కువే. అంటే ఫిల్మ్ గింజ (గ్రెయిన్) పెద్దదిగా కనిపిస్తుంది. పెద్ద ప్రింట్లు కావాలంటే 100, 200 ఫిల్మ్‌లే మేలు. ఇక ల్యాబులో అసలు ఇబ్బంది: కొన్నిచోట్ల రెండు ఫ్రేములను కలిపి ఒకే బొమ్మగా స్కాన్ చేస్తారు, ఒక్కో ఫోటోకు సగం పిక్సెళ్లే దక్కుతాయి. విడివిడిగా కావాలని, హాఫ్‌ఫ్రేమ్ అని చీటీ మీద రాసివ్వండి. స్కాన్ ధర రోలుకా, ఫ్రేముకా అన్నది ముందే అడగండి. ఫ్రేముకైతే రెట్టింపు ఫోటోలకు రెట్టింపు బిల్లు, ప్రచారంలో చెప్పిన పొదుపు అక్కడే ఆవిరైపోతుంది. స్ట్రిప్పులు కోసేటప్పుడు మధ్య గీత చూసి కోయమనడమూ అవసరమే.

పైకప్పు, అడుగు మెగ్నీషియం మిశ్రమం, బరువు బ్యాటరీ లేకుండా 290 గ్రాములు. లివరు తిప్పుడు మాత్రం వాళ్లు గొప్పగా చెప్పినంతా ఉంది. విడుదల ధర అమెరికాలో 499.95 డాలర్లు. ఫిల్మ్ ఎలా ఉంటుందో చూద్దాం అనుకునేవాళ్లకు ఇది ఎక్కువే. స్థిరంగా 1/100, ఎఫ్/9.5తో నడిచే మరో హాఫ్‌ఫ్రేమ్ కెమెరా కొడాక్ ఎక్టార్ హెచ్35 వాళ్లకు చాలు. పెంటాక్స్ 17 కొనాల్సింది దూరం అంచనా వేయడాన్ని ఆనందించేవాళ్లు. అమ్మేవాళ్లు కూడా నిలువు ఫ్రేము నమూనాలు చూపించే బదులు, కెమెరా చేతికిచ్చి, ఎదురుగా మనిషిని నిలబెట్టి, ఎంత దూరముందో చెప్పమని, తర్వాత టేపుతో కొలిచి చూపించాలి.