బాలానగర్‌లోని ఒక ఐదు అక్షాల మెషినింగ్ షాపు: ఏడాది అనుభవం

నేను ఒక చిన్న విమాన సంస్థలో మెకానికల్ డిజైన్ బృందానికి నాయకత్వం వహిస్తున్నాను. ఇద్దరు కూర్చునే శిక్షణ విమానం ఒకటి, 25 కిలోల లోపు డ్రోన్ ఒకటి మా చేతిలో ఉన్నాయి. రెండింటి లోహపు భాగాల డ్రాయింగుల మీదా చివరి సంతకం నాదే. ఆ భాగాలను ఏడాదిగా హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక మెషినింగ్ షాపులో, ఐదు అక్షాల్లో (మూడు నేరు దిశలు, రెండు తిరిగే దిశలు) కదులుతూ లోహాన్ని తొలిచే యంత్రాల మీద చేయిస్తున్నాం. గోప్యత ఒప్పందం ఉన్నందువల్ల షాపు పేరు రాయలేను. అయినా ఇలాంటి పని చేయించేవారు ఒక షాపులో ఏమేమి గమనించాలో చెప్పడానికి ఈ అనుభవం పనికివస్తుందని నా నమ్మకం.

మొదటి ఆర్డరు శిక్షణ విమానంలో ఎలివేటర్ (విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక రెక్క) బెల్‌క్రాంక్‌ను (పైలట్ కదలికను దానికి మళ్లించే మీటను) మోసే బ్రాకెట్. మెషిను మీద ముక్క బిగించకముందే యజమాని ఫోన్ చేశారు. “సార్, లోపలి మూలలకు 3 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఇచ్చారు, లోతేమో 38 ఉంది. 6 మిల్లీమీటర్ల కట్టర్ అంత లోతుకు దిగితే వణుకుతుంది, గోడ మీద గీతలు పడతాయి. 5 చేయడానికి వీలవుతుందా?” అని అడిగారు. లెక్క వేసి చూస్తే నాలుగు మూలలకూ కలిపి పెరిగే బరువు ఒకటిన్నర గ్రాము. పైగా మూలలో ఒత్తిడి కేంద్రీకరణ (ఒకే చోట ఒత్తిడి పోగవడం) తగ్గింది. ఆ సాయంత్రమే డ్రాయింగు సవరించి పంపాం. ఇదే పనిని అడగకుండా చేసేసి, గీతలను ఎమరీ కాగితంతో రుద్ది పెట్టెలో సర్దేవారూ ఉంటారు. పైలట్ ప్రాణం ఆధారపడిన భాగంలో అలా రుద్దిన గీత ఒక పగులుకు మొదలు కావచ్చు కనుక, ఆ ఒక్క ఫోన్‌తోనే నాకు ఈ షాపు మీద గురి కుదిరింది.

రెండో విషయం వంపు. ఆ బ్రాకెట్‌కు వాడేది 7075-టి651 అల్యూమినియం ప్లేటు. చివరన ఉన్న 51 అంకె, ప్లేటును సాగదీసి లోపలి ఒత్తిళ్లను తగ్గించారని చెబుతుంది. తగ్గించారే తప్ప పూర్తిగా పోవు. అందుకే ప్లేటులో ఎక్కువ భాగం తొలిచి 2 మిల్లీమీటర్ల గోడలు మిగిల్చినప్పుడు ముక్క వంగుతుంది. ఇంతకుముందు మేము పని ఇచ్చిన మరో చోట, వంగిన ముక్కను ప్రెస్ కింద పెట్టి సరిచేసి పంపారు. అలా సరిచేస్తే లోపల కొత్త ఒత్తిళ్లు చేరతాయి కనుక ఆ బ్యాచ్ మొత్తాన్నీ పక్కన పెట్టవలసి వచ్చింది. ఇక్కడ మాత్రం అన్ని వైపులా 1.5 మిల్లీమీటర్ల లోహం మిగిల్చి ముతకగా తొలిచి, బిగింపు వదిలి, ఒక రాత్రి అలాగే ఉంచి, మరునాడు తిరిగి బిగించి చివరి కోత పెడతారు. సమయం పడుతుంది, ధరా పెరుగుతుంది. ఆ ధర ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

కొలతల గది 20 డిగ్రీల వద్దే ఉంటుంది. మా డ్రోన్ రెక్కను కలిపే 360 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క, షాపులో మధ్యాహ్నం 35 డిగ్రీల వేడిలో 0.12 మిల్లీమీటర్లకు పైగా పొడవు పెరుగుతుంది. కొలతలో మేము అనుమతించిన తేడా (టాలరెన్స్) అటూ ఇటూ 0.05 మాత్రమే. ముక్క చల్లబడేదాకా ఆగి కొలిచి, మొదటి ముక్క నివేదికను ఏఎస్ 9102 (విమాన రంగంలో మొదటి ముక్క తనిఖీకి ఉన్న ప్రమాణం) పద్ధతిలో ప్రతి కొలతతో నింపి ఇచ్చారు.

లోపాలు లేకపోలేదు. రెండో ఆర్డరులో, అడ్డంగా తొలిచిన రంధ్రం లోపలి గుంతను కలిసే చోట సన్నటి బర్ (కోత అంచున మిగిలే లోహపు ముక్క) మిగిలిపోయింది; మా తనిఖీలో బోరోస్కోపుతో (రంధ్రాల లోపల చూసే సన్నటి పరికరంతో) చూస్తేగానీ కనబడలేదు. వెంటనే వెనక్కు తీసుకుని శుభ్రం చేసి, ఆ అంచుకు ప్రత్యేక తనిఖీని తమ ప్రాసెస్ షీటులో చేర్చారు. ఆనోడైజింగ్ (అల్యూమినియం మీద రక్షణకు ఆక్సైడ్ పొర ఏర్పరచడం) వీరు బయట చేయిస్తారు, అసలు ఇబ్బంది అక్కడే. మూడు రోజులన్నది తొమ్మిది రోజులైంది, వచ్చిన సర్టిఫికెట్ మీద మా బ్యాచ్ నంబరు లేదు. ముక్క ఎంత బాగున్నా పత్రం లేనిదే మనిషి ఎక్కే విమానంలో బిగించలేం. కొత్త పత్రం వచ్చేదాకా ఆ బ్రాకెట్లు మా స్టోర్‌లోనే ఉన్నాయి.

డ్రోన్ పనిని వీరు చిన్నచూపు చూడకపోవడం నాకు బాగా నచ్చింది. మనిషి ఎక్కడు కదా అని డ్రోన్ భాగాల్లో సడలింపు ఆశించే ధోరణి మా రంగంలో ఉంది, అయితే అది ఎగిరేది మనుషుల తలల మీదుగానే. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు (ప్రధాన దేహాలు) తయారవుతున్న ఈ నగరంలోనే హెర్మిస్ 900 డ్రోన్ల తయారీ కూడా మొదలైంది. రెండు రకాలకూ ఒకే క్రమశిక్షణతో పనిచేసే చిన్న షాపులు ఇక్కడ ఇంకా పెరగాలి. మా డ్రోన్ డ్రాయింగు ఒకే నెలలో మూడుసార్లు మారినా, ప్రతిసారీ పాత ప్రోగ్రామును తొలగించి, రివిజన్ అక్షరాన్ని (డ్రాయింగు ఏ సవరణదో తెలిపే గుర్తును) ముక్క మీద చెక్కి పంపారు.

ఇక్కడ పని ఇచ్చేవారికి ఒక సూచన: ఆనోడైజింగ్ సర్టిఫికెట్ మీద బ్యాచ్ నంబరు ఉండాలనీ, ఆలస్యానికి బాధ్యత ఎవరిదనీ కొనుగోలు పత్రంలోనే రాయండి. మూడో ఆర్డరుకు మేము అలాగే రాశాం. పెట్టె పత్రాలతో సహా చెప్పిన రోజుకే వచ్చింది.