నాలుగు అంచులూ సమానమైతే: చతురస్ర ఫోటోగ్రఫీతో తొమ్మిదేళ్లు

తొమ్మిదేళ్లుగా నేను తీస్తున్న ఫోటోల్లో ఎక్కువ భాగం చతురస్రాకారంలోనివే. మొదటి నాలుగేళ్లు 120 అనే వెడల్పాటి రీలు ఫిల్మ్ వాడే జంట లెన్సుల పాత కెమెరాతోనూ, తర్వాతి ఐదేళ్లు 1:1 నిష్పత్తికి (పొడవూ వెడల్పూ సమానంగా) మార్చి పెట్టుకున్న ఒక ఫుల్ ఫ్రేమ్ (36×24 మి.మీ. సెన్సార్ ఉన్న) మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరాతోనూ పనిచేశాను. ఈ సమీక్షలో ఆ రెండు కెమెరాల బాగోగుల కంటే, వాటిలో నేను చూస్తూ వచ్చిన నలుచదరపు చట్రానికే ఎక్కువ చోటిస్తున్నాను. కెమెరా మారినా నాకు ఎదురైన ఇబ్బందులూ దొరికిన సంతోషాలూ చాలావరకు ఆ చట్రం వెంటే వచ్చాయి.

ఈ ఆకారం ఫోటోగ్రఫీలో స్థిరపడడానికి ఒక ముఖ్యకారణం పనిలో సౌలభ్యం. 1929లో వచ్చిన రోలైఫ్లెక్స్ వంటి జంట లెన్సుల కెమెరాలో పై లెన్సు గుండా వచ్చే వెలుగును ఏటవాలుగా అమర్చిన అద్దం పైకి మళ్లిస్తుంది. ఫోటోగ్రాఫర్ కెమెరాను నడుము ఎత్తులో పట్టుకుని, తల వంచి, గరుకు గాజు పలక మీద పడే బొమ్మను చూస్తాడు. నిలువు ఫోటో కోసం అటువంటి కెమెరాను పక్కకు వాల్చితే ఆ గాజు పలక కూడా పక్కకే తిరుగుతుంది, బొమ్మ తలకిందులవుతుంది, ఎదుట ఉన్నవారిని వదిలి పక్కకు తిరిగి నిలబడవలసి వస్తుంది. తిప్పే పనే లేని చదరపు ఫ్రేమ్‌లో ఫోటో తీసి, నిలువుగానో అడ్డంగానో తర్వాత కత్తిరించుకోవడం దీనికి తేలికైన పరిష్కారం. 1948లో హాసెల్‌బ్లాడ్ కంపెనీ తెచ్చిన 1600ఎఫ్ కెమెరా కూడా ఈ ఆకారాన్నే ఎంచుకుంది. చాలామంది ఆ కత్తిరింపుకే అలవాటుపడ్డారు. కాని డయాన్ ఆర్బస్, వివియన్ మాయర్, దయానితా సింగ్ వంటి ఫోటోగ్రాఫర్ల చిత్రాలు చూసినప్పుడు, ఆ చతురస్రాన్ని ఉన్నదున్నట్టుగా నిలుపుకొని అందులోనే ఆలోచించినవారు ఎంత దూరం వెళ్లగలిగారో అర్థమవుతుంది. నేను ఈ దారిలోకి రావడానికి కారణం ఆ చిత్రాలే.

గరుకు గాజు మీద చూడడం నాకు వెంటనే పట్టుబడలేదు. అందులో బొమ్మ నిటారుగానే కనిపిస్తుంది గాని కుడి ఎడమలు తారుమారవుతాయి. కుడివైపు నడుస్తున్న మనిషిని అనుసరించాలంటే చేతులు ఎటు తిప్పాలో తెలియక మొదటి నెలల్లో ఎన్నో ఫ్రేములు పోగొట్టుకున్నాను. ఒక్కో రీలుకు పన్నెండే ఫ్రేములు కనుక ప్రతి పొరపాటూ బాగా గుర్తుండిపోయింది. అయితే ఆ తారుమారులోనే ఒక ఉపకారం కూడా ఉంది. తెలిసిన దృశ్యం కొంచెం అపరిచితంగా కనబడడం వల్ల మనిషి, చెట్టు, గోడ అన్న పేర్లు వెనక్కి తగ్గి, ముదురు మచ్చలు, లేత మచ్చలు, వాటి మధ్య ఖాళీలు ముందుకు వస్తాయి. కంటికి ఆనించి చూసే కెమెరాలో మనం దృశ్యంలోకి చూస్తాం; గాజు పలక మీద మాత్రం అప్పటికే చదునైన బొమ్మను చూస్తాం. కూర్పు గురించి నేను నేర్చుకున్నదానిలో సగం ఈ తేడా నుంచే వచ్చిందని నమ్ముతున్నాను.

ఇక అసలు విషయం. దీర్ఘచతురస్రానికి పుట్టుకతోనే ఒక దిశ ఉంటుంది: అడ్డంగా ఉంటే చూపు పక్కలకు సాగుతుంది, నిలువుగా ఉంటే పైకీ కిందికీ నడుస్తుంది. చతురస్రానికి అటువంటి మొగ్గు లేదు. చూపు లోపలికి వచ్చి, నాలుగు గోడల మధ్య తిరిగి, నడిమికి చేరుతుంది. ఇది గ్రహించక మొదటి ఏడాదంతా నేను అందరూ మొదట నేర్చుకునే మూడో వంతు సూత్రాన్నే (ఫ్రేమ్‌ను నిలువుగానూ అడ్డంగానూ మూడేసి భాగాలు చేసి, ఆ గీతల మీద వస్తువును నిలపడం) ఇందులోనూ పాటించాను. సరస్సులో ఒంటరిగా ఉన్న పడవను కుడివైపు మూడో వంతు గీత మీద నిలిపి తీసిన ఒక ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. అడ్డం ఫ్రేమ్‌లో అయితే ఎడమవైపు నీరు పడవ సాగవలసిన దారిలా కనిపించేది. చతురస్రంలో ఆ నీటికి దారి అనిపించుకునేంత నిడివి లేదు. పడవ తన చోటు నుంచి జారిపోయినట్టు మాత్రమే ఉంది. మరుసటి వారం అదే చోటికి వెళ్లి పడవను సరిగ్గా నడిమధ్యలో పెట్టి తీశాను. చుట్టూ ఉన్న నీరు ఒక్కసారిగా దానికి పరివేషంలా అమరింది.

నడిమధ్య పెట్టడమే ఉపాయం అనుకుని ఆ తర్వాత ఏడాది పాటు అన్నిటినీ మధ్యలోనే పెట్టాను. అది రెండో తప్పు. వస్తువు మధ్యలో ఉన్నప్పుడు చుట్టూ ఉన్న ప్రదేశం ఏదో ఒక పని చేయాలి. పూర్తిగా నిర్మలంగా ఉండి వస్తువును ఒంటరిని చేయాలి, లేదా మూలల నుంచి గీతలు, నీడలు, కొమ్మలు లోపలికి వచ్చి దానిని పట్టి ఉంచాలి. ఈ రెండూ కాని చోట నడిమి వస్తువు గుర్తింపు కార్డు ఫోటోలా నిర్జీవంగా నిలబడుతుంది. వృత్తాకారాలు ఇందులో ఎంత సహజంగా ఒదుగుతాయో చెప్పలేను: పై నుంచి చూసిన మెలిక మెట్లు, గడియారం ముఖం, గిన్నెలో నీరు, ముడుచుకుని పడుకున్న పిల్లి. అలాగే కర్ణాలు. చతురస్రంలో మూల నుంచి మూలకు పోయే గీత సరిగ్గా 45 డిగ్రీలు ఉంటుంది కనుక, ఏ మెట్ల వరుసో నీడ అంచో ఆ కోణానికి దగ్గరగా వస్తే బొమ్మ రెండు త్రిభుజాలుగా విడిపోయి గట్టిగా నిలుస్తుంది. ఆ కోణానికి మూడు నాలుగు డిగ్రీలు తప్పితే మాత్రం అది పొరపాటులా కనిపిస్తుంది. అందుకే చేతితో పట్టుకుని తీయగల వెలుగు ఉన్నా, గీతలు ముఖ్యమైన చోట నేను ట్రైపాడ్ వాడుతున్నాను.

మూలల గురించి ఇంకొంచెం చెప్పాలి. చతురస్రంలో ప్రతి మూలా తన ఇరుపక్కల మూలలకు సమానమైన దూరంలో ఉంటుంది, కాబట్టి ఒక మూలలో తెల్లని మచ్చ పడితే దాని లాగుడును సర్దడానికి మిగిలిన మూడింటిలో ఏదో ఒకటి బదులు చెప్పాలి. షట్టర్ నొక్కే ముందు నాలుగు మూలలనూ వరుసగా చూసుకోవడం నాకు ఇప్పుడు శ్వాస లాంటి అలవాటు. దిగంతరేఖ విషయంలోనూ పాత జాగ్రత్తలు పక్కన పెట్టవలసి వచ్చింది: దానిని సరిగ్గా మధ్యలో ఉంచితే నీరూ ఆకాశమూ సరిసమానంగా తూగుతాయి, బాగా కిందికి, అయిదో వంతు దాకా దించితే మేఘాలకు ఎత్తు వస్తుంది. మూడో వంతు దగ్గర ఉంచిన నా ఫోటోలు చాలావరకు ఎటూ తేల్చుకోలేనట్టు ఉన్నాయి.

ఏ విషయాలకు ఇది ఒప్పుతుందని అడిగితే మొదట మనుషుల పోర్ట్రెయిట్లే చెబుతాను. తల, భుజాలు, ఒడిలో పెట్టుకున్న చేతులు, ఇంతవరకు చతురస్రంలో చక్కగా అమరుతాయి. ముఖానికి ఇరువైపులా మిగిలే కొద్దిపాటి స్థలం ఆ మనిషి కూర్చున్న గదిని కూడా చిత్రంలోకి తెస్తుంది. పైగా నడుము ఎత్తు నుంచి, తల వంచి తీసేటప్పుడు కెమెరా మన ముఖాన్ని కప్పదు. ఎదుటివారు గురిపెట్టినట్టు భావించరు. డిజిటల్ కెమెరాలో వెనుక తెరను పైకి మడిచి అలాగే తీస్తున్నాను, ఫలితం దాదాపు అదే. కిటికీలు, తలుపులు, కుర్చీలు, బల్ల మీది వస్తువులు, ఇళ్ల ముఖభాగాలు కూడా దీనికి దగ్గరి చుట్టాలే.

ఒప్పని విషయాలూ ఉన్నాయి, వాటిని దాచడం సరికాదు. నిలువెత్తు మనిషి ఒంటరిగా నిలబడితే ఇరువైపులా చెరో గది ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీకి అర్థం ఇవ్వలేకపోతే చిత్రం పలచబడుతుంది. వరుసగా నిలబడిన బృందం ఫోటోలో సగం ఫ్రేమ్ నేలకూ ఆకాశానికీ పోతుంది. పరుగు, ఆట, ఊరేగింపు వంటి కదలికకు ముందు కొంత దారి కనిపించాలి. చతురస్రం ఆ దారిని ఇవ్వదు. విశాలమైన కొండల వరుసను ఇందులో పట్టాలని ఎంతో ప్రయత్నించి, చివరకు ఒక్క కొండనూ దాని మీది మేఘాన్నీ తీయడం నేర్చుకున్నాను.

డిజిటల్‌కు మారినప్పుడు నేను ముందుగా ఊహించని మార్పు లెన్సుల విషయంలో వచ్చింది. 36×24 మి.మీ. సెన్సార్ నుంచి చతురస్రం తీసుకుంటే 24×24 మి.మీ. భాగమే మిగులుతుంది, అంటే మూడో వంతు వైశాల్యం పోతుంది. 6000×4000 పిక్సెళ్ల 24 మెగాపిక్సెల్ చిత్రం 16 మెగాపిక్సెళ్లకు దిగుతుంది. పెద్ద ప్రింట్లకు కూడా అది నాకు ఎన్నడూ తక్కువ కాలేదు. ఇబ్బంది చూపు కోణంతో వచ్చింది. 50 మి.మీ. లెన్సు అడ్డంగా చూసే కోణం సుమారు 40 డిగ్రీల నుంచి 27 డిగ్రీలకు తగ్గిపోవడంతో, ఫిల్మ్ కెమెరాలో అలవాటైన దూరంలో నిలబడితే అన్నీ మీదికి వచ్చినట్టు ఇరుకుగా కనిపించాయి. నా ఫిల్మ్ కెమెరాలోని 6×6 (సెం.మీ.) ఫ్రేమ్‌కు ఒక్కో అంచు నిజమైన కొలత సుమారు 56 మి.మీ.; దాని మీద 80 మి.మీ. లెన్సు దాదాపు 39 డిగ్రీలు చూస్తుంది. 24 మి.మీ. చతురస్రంలో దానికి సమీపంగా వచ్చేది 35 మి.మీ. లెన్సు, దాదాపు 38 డిగ్రీలతో. ఈ లెక్క తెలిసిన రోజే 50 మి.మీ. లెన్సును పక్కన పెట్టాను. ఆ తర్వాత ఐదేళ్లలో తీసిన చతురస్ర చిత్రాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క 35 మి.మీ. లెన్సుతోనివే.

ముందు ఎలా తీసినా తర్వాత కత్తిరించుకోవచ్చు కదా అన్న ప్రశ్న నన్ను చాలాసార్లు అడిగారు. ఊరికే జవాబు చెప్పడం ఇష్టంలేక మూడు నెలలు మామూలు 3:2 ఫ్రేమ్‌లో తీసి, కంప్యూటర్‌లో చతురస్రానికి కత్తిరించి చూశాను. పనికిరానివేమీ కాదు గాని, దాదాపు ప్రతిదానిలో ఏదో ఒక అంచు కాకతాళీయంగా తెగినట్టు ఉంది: చేయి మణికట్టు దగ్గర తెగడం, గోడ మూల కొద్దిలో తప్పిపోవడం. నిలబడే చోటును నిర్ణయించేది ఫ్రేమే. అడ్డం ఫ్రేమ్ చూస్తూ ఎంచుకున్న చోటు చతురస్రానికి సరైన చోటు కావడం అరుదు. అందుచేత కెమెరాలోనే 1:1 పెట్టుకోమని గట్టిగా చెబుతాను. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో (కంటికి ఆనించి చూసే చిన్న తెరలో) పక్కలు పూర్తిగా మూసుకుపోయి చతురస్రం ఒక్కటే కనిపిస్తుంది. తెర లేకుండా గాజు గుండా నేరుగా చూసే ఆప్టికల్ వ్యూఫైండర్ ఉన్న కెమెరాల్లో అయితే దృశ్యమంతా కనిపిస్తూ గీతలు మాత్రమే హద్దు చూపుతాయి, కన్ను తెలియకుండానే ఆ గీతలు దాటుతుంది. సెన్సార్ నమోదు చేసినదాన్ని మార్చకుండా దాచే రా ఫైలులో సాధారణంగా మొత్తం సెన్సార్ చిత్రం భద్రంగా ఉంటుంది కనుక అవసరమైతే చతురస్రాన్ని అటూ ఇటూ జరుపుకోవచ్చు. కెమెరాయే కత్తిరించి తయారుచేసే జేపీఈజీ ఫైలు ఒక్కటే దాచుకునేవారికి ఆ వెసులుబాటు ఉండదు. నా కెమెరాలో ఒక లోపం ఉంది: వీడియోకు మారి తిరిగి వస్తే నిష్పత్తి తనంతట తాను 3:2కు వెళ్లిపోతుంది. రెండుసార్లు చూసుకోక నష్టపోయాక ఆ సెట్టింగ్‌ను ఒక బటన్‌కు అమర్చుకున్నాను.

ప్రింటు సంగతి క్లుప్తంగా. ఫోటో కాగితాలు ఎక్కువగా దీర్ఘచతురస్రాలే కాబట్టి 8×10 అంగుళాల కాగితం మీద అంచులు వదిలి ఏడు అంగుళాల చతురస్రం వేస్తాను, కింద అంచు పైదాని కంటే కొంచెం ఎక్కువగా. అదే కాగితం మీద మూడేసి ఫ్రేముల నాలుగు పట్టీలుగా ఒక రీలు మొత్తం కాంటాక్ట్ షీటుగా (నెగటివ్‌లను నేరుగా కాగితం మీద పరిచి అదే కొలతలో తీసే ప్రింటుగా) పడుతుంది. ఆ పన్నెండు చదరాలను ఒకేసారి చూడడం ఈ ఆకారంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం. గోడ మీద పక్కపక్కన పెట్టినప్పుడు కూడా నిలువూ అడ్డమూ అన్న పేచీ లేకుండా ఏ రెండైనా జతకడతాయి. ఫోన్ తెర మీద మాత్రం పరిస్థితి మారింది. 2010లో మొదలైన ఇన్‌స్టాగ్రామ్ చతురస్రాలనే అనుమతించింది, 2015 ఆగస్టులో ఆ నియమం సడలించింది. ఇప్పుడు నిలువు చిత్రాల మధ్య చతురస్రం చిన్నదిగా కనిపిస్తుంది. తెర కోసమే తీసేవారు ఇది గమనించాలి.

ఫిల్మ్‌తోనే మొదలుపెట్టదలచినవారికి నా అనుభవం నుంచి కొన్ని మాటలు. జంట లెన్సుల కెమెరాలో చూసే లెన్సు తీసే లెన్సుకు పైన ఉంటుంది, కాబట్టి ఒక మీటరు దూరంలో ఫ్రేమ్ పైభాగం మీరు చూసినదాని కంటే కిందికి జరుగుతుంది. సరిదిద్దే ఏర్పాటు లేని కెమెరాలో తల పైన కొంత చోటు అదనంగా వదలాలి. పాత కెమెరా తీసుకునేటప్పుడు ఒక సెకను, అర సెకను వేగాలలో షట్టర్ ఆగిపోకుండా మూసుకుంటుందో లేదో వినండి, లెన్సుకు ఎదురుగా వెలుగు పెట్టి లోపల బూజు దారాలు ఉన్నాయేమో చూడండి, వ్యూఫైండర్ అద్దం మసకబారితే గాజు పలక మీద బొమ్మంతా మసకగా కనిపిస్తుంది. ఇవన్నీ బాగున్నా మొదటి రీలును పరీక్షగానే వాడి, కడిగిన నెగటివ్‌లో ఫ్రేములు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా సమానమైన ఎడంతో ఉన్నాయో లేదో కొలిచి చూసుకోవాలి. నా కెమెరాలో ఏడో ఫ్రేమ్ ఎనిమిదో దాని మీదికి రెండు మిల్లీమీటర్లు ఎక్కేది, మరమ్మతు చేయించేదాకా ఆ రెంటినీ ఖాళీగా వదిలి పదే తీసేవాణ్ణి.