సొంతంగా కట్టుకున్న గాల్ ప్రోగ్రామర్: మూడేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, గాల్ చిప్‌లలోకి లాజిక్ రాసే ఈ సొంత పరికరం పని చేస్తుంది. మూడేళ్లుగా వాడుతున్నాను, ఇప్పటికి ఓ అరవై డెబ్బై సార్లు చిప్‌లు రాసి ఉంటాను, నా చేతులారా చంపినవి మూడు. వాటిలో రెండు వోల్టేజ్ వల్ల పోయాయి, మూడోది నా నిద్రమత్తు వల్ల. కోడ్ తప్పయితే దిద్దుకోవచ్చు, వైరు తప్పయితే పీకి మళ్లీ పెట్టుకోవచ్చు, కానీ రాయడానికి చిప్‌కి ఇచ్చే ఆ హై వోల్టేజ్ లైను దగ్గర తేడా వస్తే ఈ చిప్‌లు రెండో అవకాశం ఇవ్వవు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1978లో మోనోలిథిక్ మెమరీస్ కంపెనీ పాల్ చిప్‌లు తెచ్చింది, అంటే మనకి కావాల్సిన లాజిక్‌ని మనమే లోపల రాసుకునే చిప్‌లు. వాటిలో నిజంగానే సన్నటి ఫ్యూజులు ఉంటాయి, రాయడమంటే వాటిని కాల్చడమే, ఒకసారి కాలిస్తే అంతే సంగతులు. 1985లో లాటిస్ తెచ్చిన గాల్‌లో ఫ్యూజుల బదులు ఈఈప్రామ్ సెల్స్ (కరెంటుతోనే చెరపగలిగే మెమరీ) ఉంటాయి కాబట్టి చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. డేటాషీట్ ప్రకారం 100 సార్లు. లోపల రాసే బిట్ల పట్టికని మాత్రం ఇప్పటికీ ఫ్యూజ్ మ్యాప్ అనే అంటాం. ఒక్క గాల్ 16వీ8 పెడితే పాత 16ఎల్8, 16ఆర్4, 16ఆర్8 లాంటి పాల్‌లు చేసే పని చేసేస్తుంది, అందుకే పాత మెషీన్లు బాగుచేసేవాళ్లు దీన్ని వదలరు. ఇంకో మాట, ఈ ప్రోగ్రామర్‌తో అసలు పాల్‌లు రాయలేం. ఫ్యూజులు కాల్చడం వేరే లెక్క.

నాకు ఇది ఎందుకు కావాల్సి వచ్చిందంటే, నా 6502 (పాత 8 బిట్ ప్రాసెసర్) బోర్డులో అడ్రస్ డీకోడింగ్‌కే, అంటే ఏ అడ్రస్‌కి ఏ చిప్ పలకాలో తేల్చడానికే, ఒక 74ఎల్ఎస్138 డీకోడర్ చిప్, రెండు గేట్ల చిప్‌లు పెట్టాల్సి వచ్చింది. ర్యామ్ హద్దు కాస్త జరపాలన్న ప్రతిసారీ వైర్లు పీకడం, మళ్లీ పెట్టడం. అంతా ఒక్క 16వీ8లో పట్టేస్తుంది. అప్పటికే నా దగ్గర కొన్న ప్రోగ్రామర్ ఒకటి ఉంది, దాని లిస్టులో గాల్ పేర్లన్నీ ఉన్నాయి, కానీ పాత చిప్ పెడితే వెరిఫై ఎర్రర్ (రాసింది తిరిగి చదివితే కలవలేదు) అని మొహాన కొట్టి ఊరుకునేది. ఎక్కడ ఎర్రర్, ఎన్ని బిట్లు తప్పు, ఎంత వోల్టేజ్ ఇచ్చింది, ఏమీ చెప్పదు. ఆ కోపంలోనే దీన్ని మొదలుపెట్టాను.

సామాను పెద్దగా ఏం లేదు. ఒక ఆర్డ్యుయినో ఊనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు), వోల్టేజ్ పెంచే ఎంటీ3608 బూస్ట్ మాడ్యూల్ ఒకటి, మీట తిప్పి చిప్ పెట్టి తీసే 24 పిన్‌ల జిఫ్ సాకెట్, స్విచ్‌లా వాడే ఒక 2ఎన్7000 మాస్‌ఫెట్, ఒక పీఎన్‌పీ ట్రాన్సిస్టర్, గుప్పెడు రెసిస్టర్లు. పని చేసే తీరు కూడా తేలిగ్గానే అర్థమవుతుంది. 16వీ8లో రెండో పిన్‌కి మామూలు 5 వోల్టులు కాకుండా 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఇస్తే చిప్ ఎడిట్ మోడ్‌లోకి, అంటే లోపలి బిట్లు చదివి రాసే స్థితిలోకి వెళ్తుంది. అప్పటిదాకా లాజిక్ ఇన్‌పుట్లుగా ఉన్న పిన్‌లు ఒక్కసారిగా వేషం మార్చేస్తాయి: కొన్ని వరస నంబర్ తీసుకుంటాయి, ఒకటి క్లాక్, ఒకటి డేటా లోపలికి, ఒకటి బయటికి, ఒకటి స్ట్రోబ్ (ఇప్పుడు రాయి అని చెప్పే సిగ్నల్). ఒక్కో వరసకి 64 బిట్లు తోసి స్ట్రోబ్ కొడితే ఆ వరస రాసినట్టే. అలాంటివి 32 వరసలు, అంటే 2048 ఫ్యూజులు. మోడ్ బిట్లు, సిగ్నేచర్ (మనం పెట్టుకునే గుర్తు) అన్నీ కలిపితే 2194.

ఈ 2194 అంకె నాకు జన్మలో మర్చిపోలేనంత గుర్తుండిపోయింది. మొదట రాసిన కోడ్‌లో బద్ధకించి ఒక్కో ఫ్యూజుకి ఒక్కో బైటు పెట్టాను. ఊనోలో ఉన్న ర్యామ్ మొత్తం 2048 బైట్లు. ఇక ఏముంది, సగం ఫైల్ వెళ్లేసరికి బోర్డు బిగుసుకుపోయేది, నేనేమో వైర్లని తిట్టుకుంటూ రెండు రోజులు సోల్డరింగ్ అంతా మళ్లీ చేశాను. బిట్లుగా సర్దితే 275 బైట్లే, ఇంకా పెద్ద చిప్ గాల్ 22వీ10కి కూడా 737 దాటదు. ఆ తర్వాత చెక్‌సమ్ (తప్పులు పట్టడానికి బైట్లన్నీ కూడిన మొత్తం) గోల. ఫ్యూజ్ మ్యాప్ ఉండే జెడెక్ ఫైల్‌లో మొదటి ఫ్యూజు బైటులో కింది బిట్ అవుతుంది, నేను పై బిట్ నుంచి నింపాను. చిప్ బాగానే చదువుతోంది, ప్రతి ఫ్యూజూ సరిగానే ఉంది, చెక్‌సమ్ మాత్రం కలవదు. కాగితం మీద ఎనిమిది బిట్లు రాసుకుని చేత్తో కూడితే గానీ వెలగలేదు.

ఇక అసలు విషయం, వోల్టేజ్. ఎంటీ3608 మాడ్యూల్ 28 వోల్టుల దాకా ఇవ్వగలదు. దాని మీదున్న చిన్న ఇత్తడి స్క్రూ తిప్పుతుంటే చాలా చుట్లు ఏమీ కదలదు, మల్టీమీటర్‌లో అంకె అలాగే కూర్చుంటుంది, పాడైందేమో అనుకుని చకచకా తిప్పేస్తామా, ఒక్కసారిగా లేచి 20 దాటేస్తుంది. నా మొదటి చిప్ అలాగే పోయింది, ఎందుకంటే అది సాకెట్‌లోనే ఉంది. అప్పట్నుంచి సాకెట్ ఖాళీగా ఉంటేనే ఆ స్క్రూ మీద చెయ్యి వేస్తాను. చదవడానికి 12 సరిపోతుంది. రాయడానికి పాత తరం చిప్‌లు 16కి దగ్గరగా అడుగుతాయి, తర్వాతవి 14 ప్రాంతంలో, కొన్ని 12తోనే ఒప్పుకుంటాయి. ఎంత కావాలో చిప్‌నే అడగొచ్చు, దాని 58వ వరసలో తయారీదారు కోడ్‌తో పాటు ఆ వివరం కూడా ఉంటుంది. లాటిస్ అయితే ఏ1 అని వస్తుంది. కొన్న ప్రోగ్రామర్ ఇవ్వనిదీ, నాది ఇచ్చేదీ ఇదే. పైన మెరిసే అక్షరాలతో లాటిస్ అని ముద్ర ఉండి లోపల ఇంకేదో కోడ్ చెప్పిన చిప్‌లు నాకు నాలుగైదు తగిలాయి. సెకండ్ హ్యాండ్ చిప్‌లు కొనేవాళ్లకి ఆ ఒక్క వరస చదవగలిగితే చాలు, డబ్బులు వచ్చేసినట్టే.

రెండో చిప్ పోయిన కథ ఇంకా చికాకు. ఊనోకి సీరియల్ పోర్ట్ తెరిచిన ప్రతిసారీ అది రీసెట్ అవుతుంది, ఆ కాసేపు దాని పిన్‌లన్నీ గాల్లో వేలాడుతుంటాయి. నా 2ఎన్7000 గేటు కూడా అలాగే వేలాడింది. అంటే కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ తెరవగానే, నేనేమీ నొక్కకుండానే, హై వోల్టేజ్ చిప్ మీదికి వెళ్లొచ్చు, స్ట్రోబ్ పిన్ కూడా ఎటు పడితే అటు ఊగొచ్చు. అలా ఒకసారి బాగా పని చేస్తున్న చిప్‌లో ఒక వరస చెడిపోయింది, మళ్లీ చెరిపి రాస్తే వచ్చింది, నాలుగోసారికి మాత్రం ఆ చిప్ ఇక లేవలేదు. గేటు నుంచి గ్రౌండ్‌కి ఒక 10కే రెసిస్టర్, స్ట్రోబ్‌కి పైకి లాగే ఇంకో 10కే, అంతే మందు. దీంతో పాటు ఇంకోటి: మాడ్యూల్‌ని ఆపేశాం కదా అని ధీమాగా ఉండకండి. బూస్ట్ కన్వర్టర్ స్వభావమే అంత, ఆపినా ఇన్‌పుట్ వోల్టేజ్ డయోడ్ గుండా బయటికి వస్తూనే ఉంటుంది. మధ్యలో ట్రాన్సిస్టర్ స్విచ్ ఉండి తీరాలి.

బ్రెడ్‌బోర్డ్ మీద కట్టిన ఆరు నెలలూ అప్పుడప్పుడు వెరిఫై తప్పేది. సాకెట్ పవర్ పిన్‌ల దగ్గరే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాక సగం పోయింది, బోర్డు మీద సోల్డర్ చేశాక పూర్తిగా పోయింది.

మూడో చిప్ సంగతి క్లుప్తంగా: 20 పిన్‌ల చిప్‌ని 24 పిన్‌ల సాకెట్‌లో కిందికి ఆనించి పెట్టాలి, గ్రౌండ్ పిన్ కలవాలంటే అదే దారి. అర్ధరాత్రి పైకి ఆనించి పెట్టాను. వేలు కాలింది. ఇప్పుడు సాకెట్ మీద ఎర్ర మార్కర్ గీత ఉంది.

లాజిక్ సమీకరణాలని ఫ్యూజ్ మ్యాప్‌గా మార్చడానికి గాలెట్ అనే ప్రోగ్రామ్ వాడుతున్నాను, టెర్మినల్‌లో ఒక్క కమాండ్‌తో జెడెక్ ఫైల్ చేతికొస్తుంది. అంతకుముందు ఒక పాత విండోస్ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టాను, ఫైల్ పేరు కాస్త పొడుగైతే అలిగేది. ఏది వాడినా 16వీ8 మోడ్‌ల గురించి చదువుకోవాలి. సింపుల్ మోడ్‌లో 15, 16 పిన్‌ల అవుట్‌పుట్ మళ్లీ లోపలికి రాదు, కాంప్లెక్స్‌లో 12, 19 పిన్‌లకి అదే ఇబ్బంది, రిజిస్టర్డ్‌లో 1, 11 పిన్‌లు క్లాక్‌కీ అవుట్‌పుట్ ఎనేబుల్‌కీ వెళ్లిపోతాయి. బోర్డు గీసి ప్రింట్ చేయించుకున్నాక ఇది తెలిస్తే ఎలా ఉంటుందో నేను చెప్పగలను. చిప్‌ని ఎవరూ చదవకుండా తాళం వేసే సెక్యూరిటీ బిట్ కమాండ్ నా కోడ్‌లోంచి తీసేశాను. నా డీకోడర్‌ని ఎవరో కాపీ కొడతారన్న భయం లేదు గానీ, ఆరు నెలల తర్వాత సోర్స్ ఫైల్ పోగొట్టుకుని చిప్‌నే చదవాల్సి వచ్చేది మాత్రం నాకే. ఆ బిట్ పెట్టేస్తే మొత్తం చెరపడం తప్ప దారి లేదు.

కొత్తగా కట్టేవాళ్లు ఆఫ్టర్‌బర్నర్ అనే ఓపెన్ ప్రాజెక్ట్ చూడండి, ఇదే ఊనో, ఇదే ఎంటీ3608తో చాలా చిప్‌లు రాస్తుంది. నేను అది చూడకముందే మొదలుపెట్టాను కాబట్టి నాది నాకే అర్థమయ్యేలా తయారైంది. నాదాంట్లో ఇంకా మిగిలిన లోటు ఒక్కటే, వోల్టేజ్ ఇప్పటికీ ఆ ఇత్తడి స్క్రూతోనే. పక్కనే చిన్న స్క్రూడ్రైవర్, మల్టీమీటర్ ఉంటాయి, చిప్ మారినప్పుడల్లా సాకెట్ ఖాళీ చేసి, తిప్పి, చూసుకుని, అప్పుడు చిప్ పెడతాను. ఆ స్క్రూ బదులు కోడ్‌తోనే వోల్టేజ్ మార్చుకోవడానికి డిజిటల్ పొటెన్షియోమీటర్ కొని ఏడాదైంది, కవర్‌లోనే ఉంది.