కర్నూలులో కొన్న తెలుగు బైబిలు ఆడియో పెట్టె: సముద్రగీతం దగ్గర ఒక లోటు

చూపు తగ్గి అక్షరాలు పోల్చుకోలేకపోతున్న మా అమ్మ కోసం, కొండారెడ్డి బురుజుకు కాస్త దూరంలో ఉన్న ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో ఈ ఆడియో పెట్టెను కొన్నాను. అరచేతిలో ఇమిడే ఈ నల్లని పెట్టెకు మధ్య బొత్తాం మీద చిన్న చుక్క ఉబ్బెత్తుగా ఉండడం వల్ల, అమ్మ చూడకుండానే బొటనవేలితో తడిమి ఆపుకుంటుంది, మళ్లీ పెట్టుకుంటుంది. శబ్దం స్పష్టంగా ఉంది, ఛార్జింగ్ రెండు రోజులు వస్తోంది.

నా అసంతృప్తి, ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి ఇశ్రాయేలీయులు బయటపడిన కథ చెప్పే నిర్గమకాండము 15వ అధ్యాయం గురించి. 14వ అధ్యాయంలో ఐగుప్తు రాజు ఫరో రథాలు వారిని తరిమిన సంగతి చెప్పిన స్వరంతోనే, ఊపిరైనా మార్చకుండా, ఆ గొంతు, సముద్రం దాటాక వారి నాయకుడు మోషే పాడిన పాటలోకి, అంటే సముద్రగీతంలోకి, వెళ్లిపోతుంది. యూదులు ఈ పాటను ఎంత పదిలంగా నిలుపుకున్నారో తెలిసినవారు దీన్ని చిన్న లోపమని అనుకోలేరు. వారి ధర్మశాస్త్రమైన తోరా చుట్టలో దాదాపు అంతా నిండు వరుసల్లో ఉంటే, ఈ పాటను ఇటుకలు పేర్చినట్టు, మాటల నడుమ తెల్లని ఖాళీలు విడిచి రాస్తారు. ఐగుప్తులో ఇటుకలు చేసినవారి పాట ఇటుకల వరుసలా నిలవడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. రోజూ ఉదయ ప్రార్థనలో దీన్ని పలుకుతారు. సమాజమందిరంలో ఈ భాగం చదివే విశ్రాంతిదినానికి షబ్బాత్ షీరా అని, అంటే పాట విశ్రాంతిదినమని, పేరే ఉంది.

అదే గ్రంథం 2వ అధ్యాయంలో బానిసలు నిట్టూరుస్తారు, మొరపెడతారు. పాట వారి నోట వినిపించేది సముద్రం దాటిన తరువాతే. మూలుగును బాధే రప్పిస్తుంది, పాడడానికి మాత్రం మనిషి ఊపిరి మనిషి వశంలో ఉండాలి. దేవుడు వారిని ఒడ్డుకు చేర్చాడు, లోపలి బానిసతనం మాత్రం ఆ పాటతోనే వదిలిందని నా నమ్మకం. ఆ సంతోషానికి యూదు గురువులు ఒక హద్దు కూడా పెట్టారు: నా చేతిపని అయిన ఐగుప్తీయులు సముద్రంలో మునిగిపోతుంటే మీరు పాడతారా అని దేవుడు దూతలను వారించాడని ఆ గురువుల బోధల సంకలనమైన తాల్ముదు చెబుతుంది. ఇంత బరువున్న చోట చదివే గొంతు ఒక్క క్షణం నిలవవలసింది.

కీర్తనలు చదివింది వేరే గొంతు, అది మెరుగు. హీబ్రూలో ఐగుప్తు పేరు మిత్స్రాయిమ్. ఇరుకును మేత్సర్ అంటారు. ఈ రెండు మాటల పోలికలోనే గురువులు బానిసత్వానికి అర్థం చూశారు. ఐగుప్తు నుంచి విడుదలను తలచుకునే పస్కా పండుగ రాత్రి భోజనం తరువాత పాడే 118వ కీర్తన, ఇరుకులోంచి మొరపెడితే విశాలస్థలంలో జవాబు దొరికిందంటుంది. అక్కడ ఆ గొంతు ఆగింది, అమ్మ కూడా తల ఊపింది.

మరొక మాట. అదే 15వ అధ్యాయంలో మోషే అక్క మిర్యాము చేతిలో తంబుర ఉందని, స్త్రీలు నాట్యమాడారని వినగానే, "తంబూరా పట్టుకొని ఎట్లా నాట్యమాడతారు నాయనా?" అని అమ్మ అడిగింది. హీబ్రూలో అది తోఫ్, చేత్తో వాయించే చర్మవాద్యం, మన కంజీర వంటిదని చెప్పగానే ఆమె వేళ్లు ఒడిలో దరువు అందుకున్నాయి.

చూపు తగ్గిన పెద్దలకు ఈ పెట్టెను నిస్సందేహంగా కొనిపెట్టవచ్చు. 15వ అధ్యాయం వచ్చినప్పుడు మాత్రం అమ్మ దాన్ని ఆపేస్తుంది. ఆ వచనాలను నేను బిగ్గరగా చదువుతాను, అమ్మ దరువు వేస్తుంది.