మెట్ల మీద నీళ్ళెవరు ఒలకబోశారు? స్కెచ్‌అప్‌లో వీ-రే ఆరేళ్ళు వాడాక

స్కెచ్‌అప్‌లో ఇంటిని 3డీలో గీస్తాం, వీ-రే దానికి తగిలించుకునే ప్లగిన్, ఆ బొమ్మని ఫోటోలా చేసిస్తుంది, దాన్నే రెండర్ అంటాం. లైట్లు ఎలా పెట్టాలి, లైసెన్స్ ఎంత, ఏ గ్రాఫిక్స్ కార్డు కావాలి అనేవి అందరూ చెప్పేశారు, వాటి జోలికి పోను. నేను ఇన్నాళ్ళూ వీ-రేని వదలకపోవడానికి కారణం ఒక్కటే, మెటీరియల్‌లో ప్రతిబింబం ఎంత స్పష్టంగా పడాలో చెప్పే ఆ గ్లాసీనెస్ స్లైడర్. 1 పెడితే అద్దం, తగ్గించేకొద్దీ మసక. నా లెక్కలో 0.9 పైన కొత్త విట్రిఫైడ్ టైల్, 0.8 దగ్గర పాలిష్ కొట్టిన టేకు తలుపు, 0.6కి దిగితే మన తాండూరు బండ. అంతే, ఇంకేం ముట్టుకోనక్కర్లేదు అని ఫ్రెండ్స్‌కి కూడా చెప్పేవాణ్ణి.

పోయినేడు మియాపూర్‌లో ఒక డూప్లెక్స్ పని వచ్చింది. మెట్లకి చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, అదీ లెదర్ ఫినిష్ (తోలులా కాస్త గరుకుగా), ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కాలు జారకూడదని వాళ్ళే అడిగారు. నేనేమో డబ్బులు పెట్టి కొన్న టెక్స్చర్ సెట్ తీసి, గ్లాసీనెస్ బదులు రఫ్‌నెస్ (దానికి తలకిందులు, పెరిగేకొద్దీ గరుకు) వాడే ఆప్షన్ నొక్కి, అందులో ఇచ్చిన రఫ్‌నెస్ మ్యాప్, అంటే ఏ చోట ఎంత గరుకో చెప్పే బ్లాక్ అండ్ వైట్ బొమ్మ, తగిలించి, రెండర్ బానే ఉందనిపించి రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో పడేసి పడుకున్నా. పొద్దున్నే ఫోన్. "తమ్ముడూ, మా అత్తయ్య ఫోటో చూసి మెట్ల మీద నీళ్ళెవరు ఒలకబోశారు అంటున్నారు."

తీసి చూస్తే నిజమే, రెయిలింగ్ కడ్డీలు కూడా మెట్టులో కనబడుతున్నాయి. సరే అని రిఫ్లెక్షన్ రంగు తగ్గించా, రాయి బొగ్గులా అయిపోయింది. ఐఓఆర్ (వక్రీభవన గుణకం) తగ్గించి చూశా, మెట్లకి మాట్ పెయింట్ వేసినట్టు వచ్చింది. అక్కడ చెయ్యి పెట్టడమే తప్పు, రాయికి ఐఓఆర్ 1.5 దగ్గర్లోనే ఉంటుంది, నిటారుగా చూస్తే వెలుతురులో 4 శాతమే ప్రతిబింబిస్తుంది, ఏటవాలుగా చూసేకొద్దీ పెరుగుతుంది, గరుకుతనానికి దానితో పనిలేదు. రెండు రాత్రులు ఇలాగే పోయాయి.

చివరికి దొరికింది ఎక్కడంటే ఆ మ్యాప్ బొమ్మ తాలూకు బిట్‌మ్యాప్ సెట్టింగ్‌లో. మామూలు ఫోటోలు ఎస్‌ఆర్‌జీబీలో (స్క్రీన్ మీద చూడ్డానికి సర్దిన రంగుల లెక్క) ఉంటాయి, కానీ రఫ్‌నెస్ మ్యాప్ ఫోటో కాదు, ఉత్త అంకెలు. దాన్ని లీనియర్ (అంకెల్ని ఉన్నదున్నట్టు చదవమని) అని మార్చకుండా నేను అలాగే వదిలేశా. దాంతో వీ-రే దాన్ని ఫోటో అనుకుని లెక్క మార్చి చదివింది, బూడిద రంగులో 0.5 ఉండాల్సింది 0.21 అయిపోయింది, రఫ్‌నెస్ 0.21 అంటే గ్లాసీనెస్ 0.79, గరుకు రాయి కాస్తా తడిరాయి అయ్యింది. ఒక్క క్లిక్! తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు. సరిచేసి పంపితే పెద్దావిడ "ఆఁ, ఇప్పుడు తుడిచారు" అన్నారట.

అప్పట్నుంచి షాపు నుంచి శాంపిల్ ముక్క తెచ్చుకుని ట్యూబ్‌లైట్ కింద వంచి చూస్తున్నా. ట్యూబ్ అంచులు గీత గీసినట్టు కనబడితే గ్లాసీనెస్ 0.9 పైన, అంచులు చెదిరితే 0.8, ఉత్త తెల్ల మచ్చలా ఉంటే 0.6 కిందకి. మళ్ళీ రెండర్‌లో అదే చోట లైటు పెట్టి పోల్చుకుంటా.

స్లైడర్ ఒక్కటి చాలని పైన అన్నా గానీ, నిజం చెప్పాలంటే అది శాంపిల్ రెండర్ల వరకే. హాల్ మొత్తానికి ఒకే నంబరు పెడితే నేల ప్లాస్టిక్‌లా ఉంటుంది. మా ఇంట్లో మాప్ కొట్టాక ఎండ పడితే కనబడే చారలు ఉంటాయి చూడండి, వాటిని ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి మ్యాప్‌గా లైట్‌గా కలిపా, ఆ టైల్స్ చూసి మా ఆవిడ "ఇది ఎవరిల్లు" అంది. ఇంకోటి, మసక ప్రతిబింబాలు ఎక్కువున్న సీన్‌లో గ్రెయిన్ (ఇసక చల్లినట్టుండే చుక్కలు) పోవడానికి చాలా టైమ్ పడుతుంది, నా పాత ల్యాప్‌టాప్‌లో అయితే అన్నం తిని వచ్చినా అవ్వదు, ఆ గ్రెయిన్‌ని తుడిచే డీనాయిజర్ గట్టిగా పెడితే గెలాక్సీలో ఉండే బంగారు చుక్కలు కూడా నున్నగా పోతాయి.

స్కెచ్‌అప్ 2025లో రఫ్‌నెస్, మెటల్‌నెస్ లోపలే ఇచ్చేశారు, క్లయింట్ పక్కన కూర్చుని తిప్పి చూపించే పనికి అది సరిపోవచ్చు. నాకు నెలకి మూడు నాలుగు ఫ్లాట్లు, అన్నీ ఇంటీరియర్లే, అన్నింట్లో గ్రానైటే, అందుకని వీ-రే డబ్బులు గిట్టుబాటు అవుతున్నాయి. బయటి ఎలివేషన్లు మాత్రమే చేసేవాళ్ళైతే ఇంత తంటా మీకు అవసరం లేదేమో, ఒకసారి ట్రయల్ వేసి చూసుకోండి.