మొదటి పవర్ కట్ తర్వాత కూడా పలికిన ప్రింటర్: ఒక వైర్‌లెస్ ఇంక్ ట్యాంక్ మోడల్ సమీక్ష

ప్రింట్, స్కాన్, కాపీ మూడూ చేస్తూ పదిహేను వేల రూపాయలకు కాస్త అటూ ఇటూగా దొరికే వైఫై ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో ఒకదాని గురించి ఈ సమీక్ష. హన్మకొండలో కింది అంతస్తులో ఆదాయపు పన్ను, జీఎస్టీ రిటర్నుల పని చూసుకునే మా చిన్న ఆఫీసుకూ, పై అంతస్తులోని ఇంటికీ కలిపి ఒకే ప్రింటర్ సరిపోతుందన్న ఆలోచనతో దీన్ని కొన్నాం. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇందులో చెప్పబోయే ఇబ్బందుల్లో చాలావరకు ఈ ధరలో వచ్చే ఏ కంపెనీ ప్రింటర్‌తోనైనా ఎదురు కాగలవు కనుక, ఒక్కరి మీద వేలు చూపడం సబబు కాదనిపించింది.

ముద్రణ విషయంలో దీనికి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. వైఫై అమరిక మాత్రం పెట్టె మీద బొమ్మలు వేసి చూపించినంత సులువు కాదు. అయితే ఆ కష్టమంతా మొదట్లోనే ఉంది, పద్ధతిగా అమర్చుకుంటే మళ్ళీ దాని జోలికి వెళ్ళే పని పడదు. వైర్‌లెస్ ప్రింటర్‌కు అసలు పరీక్ష టెస్ట్ పేజీ కాదని, కరెంటు పోయి వచ్చాక ఎవరూ ముట్టుకోకుండా అది తనంతట తాను మళ్ళీ నెట్‌వర్క్‌లో చేరుతుందా లేదా అన్నదేనని నా అభిప్రాయం. ఈ ప్రింటర్ ఆ పరీక్షలో నెగ్గింది, కానీ రౌటర్‌లో మేం ఒక మార్పు చేసిన తర్వాతే నెగ్గింది.

ఇంకు నింపడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఏ రంగు సీసా ఆ రంగు ట్యాంకు మూతికే సరిపోయేలా చేశారు కాబట్టి పొరపాటుకు తావు లేదు. నింపిన తర్వాత గొట్టాల్లోకి ఇంకు ఎక్కడానికి సుమారు పది నిమిషాలు పడుతుంది, ఆ సమయంలో కరెంటు పోకూడదు. అందుకని ఇంకు ఎక్కేదాకా ఇన్వర్టర్ లైనులో ఉన్న ప్లగ్గుకే పెట్టాం. లేజర్ ప్రింటర్‌నైతే ఇంట్లో వాడే ఇన్వర్టర్ మీద పెట్టకూడదు, ఎందుకంటే కాగితం మీద టోనరు అనే రంగు పొడిని కరిగించి అతికించే వేడి రోలరు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. ఇంకు చిమ్మి ముద్రించే ఇంక్‌జెట్‌కు (ఇంక్ ట్యాంక్ ప్రింటరూ ఈ రకమే) ఆ రోలరు ఉండదు, నడిచేటప్పుడు కూడా అది తీసుకునే కరెంటు ఒక చిన్న బల్బు తీసుకునేంతే.

ఇక అసలు విషయానికి వస్తే, ఈ మోడల్‌కు తెర లేదు. కొన్ని బటన్లు, కొన్ని లైట్లు మాత్రమే ఉన్నాయి. వైఫై పాస్‌వర్డును ప్రింటర్ మీద కొట్టే వీలు లేదు కనుక ఫోన్‌లో కంపెనీ యాప్ ద్వారా గానీ, పాస్‌వర్డు కొట్టకుండానే పరికరాన్ని వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ బటన్ రౌటర్ మీద ఉంటే దాని ద్వారా గానీ, తాత్కాలికంగా యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి గానీ ఆ వివరాలు అందించాలి. యాప్ తెరవగానే ముందు ఖాతా తెరవమంటుంది. అవసరం లేదని దాటిపోయే దారి ఉంది గానీ, అడుగున వెతికితే తప్ప కనబడనంత చిన్న అక్షరాల్లో పెట్టారు. తర్వాత లొకేషన్ అనుమతి అడుగుతుంది. ప్రింటర్‌కు నా లొకేషన్‌తో ఏం పని అని చాలామంది అక్కడ వద్దని నొక్కేస్తారు, యాప్‌కు ప్రింటర్ దొరకదు. చుట్టుపక్కల వైఫై నెట్‌వర్కుల పేర్లను బట్టి మనిషి ఎక్కడున్నాడో చెప్పవచ్చు కాబట్టి, వాటిని వెతికే యాప్ ముందుగా ఆ అనుమతి తీసుకోవాలని ఆండ్రాయిడ్ నియమం పెట్టింది. కొత్త ఫోన్లలో ఇదే అనుమతి చుట్టుపక్కల పరికరాలు అన్న పేరుతో కనిపిస్తుంది. పని పూర్తయ్యాక దాన్ని తీసేసుకోవచ్చు. ఈ రెండు వాక్యాలు యాప్‌లోనే రాసి ఉంటే ఎందరికో తలనొప్పి తప్పేది.

అంతకన్నా ఎక్కువమందిని ఆపేసేది వైఫై సిగ్నల్ నడిచే రెండు బ్యాండ్లు, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్‌ల తేడా. ఈ ధరలో వచ్చే చాలా ప్రింటర్లకు 2.4 మాత్రమే తెలుసు, ఇదీ అంతే. ఇప్పుడు ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే రౌటర్లు రెండింటినీ తరచుగా ఒకే పేరుతో ప్రసారం చేస్తాయి. ఫోన్ 5లో ఉంటుంది, ప్రింటర్ 2.4 కోసం వెతుకుతుంది, యాప్ సగం దాకా వెళ్ళి విఫలమైందని చెప్పి ఊరుకుంటుంది, ఎందుకు విఫలమైందో చెప్పదు. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టడమో, ప్రింటర్ కలిసేదాకా 5ను ఆపి ఉంచడమో చేస్తే సరిపోతుంది. ఆ తర్వాత ఫోన్లు, ల్యాప్‌టాపులు అన్నీ 2.4కే మారాలేమోనన్న భయం అక్కరలేదు. రెండూ ఒకే రౌటర్‌వి కాబట్టి 5లో ఉన్న ల్యాప్‌టాప్ నుంచి 2.4లో ఉన్న ప్రింటర్‌కు నిక్షేపంగా ప్రింట్ వెళ్తుంది. పైగా గోడలను, స్లాబును దాటి రావడంలో 2.4దే పైచేయి. మా రౌటర్ పై అంతస్తులో ఉన్నా కింద ప్రింటర్‌కు సిగ్నల్ తగ్గకపోవడానికి కారణం అదే.

డబ్ల్యూపీఎస్ బటన్ ఉన్న రౌటర్ అయితే ఆ దారి మరింత తేలిక. రౌటర్ మీద ఒకటి, ప్రింటర్ మీద ఒకటి, రెండు నిమిషాల లోపు నొక్కితే చాలు. కానీ రౌటర్ భద్రత డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతి మీద మాత్రమే ఉంటే అది పనిచేయదు. ఇదే పద్ధతిలో బటన్ బదులు ఎనిమిది అంకెల పిన్ వాడే వెసులుబాటులో భద్రతా లోపం ఉందని 2011లోనే బయటపడింది కాబట్టి, కొన్ని రౌటర్లలో డబ్ల్యూపీఎస్‌ను ముందే ఆపేసి ఇస్తారు. ప్రింటర్ కలిసిన తర్వాత మేమూ ఆపేశాం.

ఈ ప్రింటర్‌లో నాకు బాగా నచ్చిన సౌకర్యాన్ని కరపత్రంలో ఒక మూలన పడేశారు. వైఫై బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే నెట్‌వర్క్ వివరాల కాగితం ఒకటి ముద్రించి ఇస్తుంది. ఏ నెట్‌వర్క్‌లో ఉంది, సిగ్నల్ ఎంత, ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో పరికరానికి రౌటర్ ఇచ్చే నంబరు) ఏమిటి, మ్యాక్ చిరునామా (తయారీలోనే పరికరానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఏమిటి అన్నీ అందులో ఉంటాయి. ఐపీ చిరునామా 169.254తో మొదలైతే రౌటర్ దానికి చిరునామా ఇవ్వలేదని అర్థం, ఇక కంప్యూటర్‌లో ఎంత వెతికినా లాభం లేదు. 192.168తో మొదలైతే దాదాపుగా ప్రింటర్ తన పని తాను చేసినట్టే, ఇబ్బంది ఉంటే కంప్యూటర్ వైపు చూడాలి. మా కాగితాన్ని ప్రింటర్ మూత లోపలి వైపు అతికించి ఉంచాం.

కంప్యూటర్ వైపు వస్తే, పెట్టెలో ఒక సీడీ ఇచ్చారు. దాన్ని పెట్టడానికి సీడీ డ్రైవ్ ఉన్న ల్యాప్‌టాపులు ఇప్పుడు అమ్మకానికి ఎక్కడున్నాయో వారికే తెలియాలి. కంపెనీ సైట్ నుంచి సాఫ్ట్‌వేర్ దించుకుని అమరిస్తే ఆఫీసులోని రెండు విండోస్ కంప్యూటర్ల నుంచీ వెంటనే ప్రింట్ వచ్చింది. కరెంటు పోయి వచ్చిన తర్వాత మాత్రం రెండింటిలోనూ ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపించడం మొదలైంది. ప్రింటర్ మీద వైఫై లైటు నిలకడగా వెలుగుతూనే ఉంది, ఫోన్ నుంచి ప్రింట్ కూడా వస్తోంది. దీనికి కారణం ప్రింటర్‌లో లేదు. రౌటర్ మళ్ళీ మొదలైనప్పుడు ఖాళీగా ఉన్న చిరునామాల్లో ఒకటి తీసి ప్రింటర్‌కు ఇస్తుంది, అది నిన్నటిదే కావాలని లేదు. కంప్యూటర్ మాత్రం ఇల్లు మారిన చుట్టానికి పాత చిరునామాకే ఉత్తరాలు వేస్తున్నట్టు పాత ఐపీకే పేజీలు పంపుతూ కూర్చుంటుంది.

దీనికి మందు రౌటర్‌లోనే ఉంది. బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొట్టి, చాలా రౌటర్లకు అది 192.168.1.1, జియోఫైబర్‌కు 192.168.29.1, లోపల పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ లేదా ల్యాన్ విభాగంలో చిరునామా రిజర్వేషన్ అన్న చోట ప్రింటర్ మ్యాక్ చిరునామాను, దానికి శాశ్వతంగా ఇవ్వదలచిన ఐపీని నమోదు చేయాలి. తర్వాత విండోస్‌లో పాత ప్రింటర్‌ను తీసేసి, ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో కొత్త పరికరం చేర్చే బటన్ నొక్కి, అది వెతుకుతుండగా కాసేపు ఓపిక పడితే మాన్యువల్‌గా చేర్చే మాట కనిపిస్తుంది. అక్కడ టీసీపీ ఐపీ ఎంచుకుని ఆ చిరునామా ఇవ్వాలి. ఇంత చేసినా ఒక కంప్యూటర్ ఆఫ్‌లైన్ అనే చూపిస్తే, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ కింద, ప్రింటర్ స్థితిని కంప్యూటర్ అడిగి తెలుసుకునే ఎస్ఎన్ఎంపీ స్టేటస్ అన్న గడిలో టిక్కు తీసేయాలి. మా పాత కంప్యూటర్‌లో తంటా అక్కడే తీరింది. మొదటిసారి కలిపేటప్పుడు ప్రింటర్ అసలు కనబడకపోతే మాత్రం, విండోస్ ఆ వైఫైని పబ్లిక్ నెట్‌వర్క్‌గా రాసుకుందేమో చూసి ప్రైవేట్‌గా మార్చాలి.

ఈ మార్పు తర్వాత కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చినా ప్రింటర్‌ను ఆపి మళ్ళీ వేయాల్సిన పని పడలేదు. కరెంటు రాగానే ప్రింటర్ కొన్ని సెకన్లలో సిద్ధమవుతుంది, ఫైబర్ రౌటర్‌కు మాత్రం ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. మొదటి ప్రయత్నంలో నెట్‌వర్క్ దొరకకపోతే ప్రయత్నం మానేసే ప్రింటర్‌ను ఇంతకు ముందు వాడాం. ఇది అలా కాకుండా నెట్‌వర్క్ దొరికేదాకా వెతుకుతూనే ఉంటుంది. ఈ ఒక్క గుణానికే దీన్ని మెచ్చుకుంటాను.

ఉచిత ఇన్‌స్టలేషన్ అన్నారు, టెక్నీషియన్ చెప్పిన సమయానికే వచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు. ఒక కంప్యూటర్‌కు కలిపి, టెస్ట్ పేజీ తీసి, ఫోటో తీసుకుని, ఫీడ్‌బ్యాక్‌లో అయిదు చుక్కలు ఇవ్వమని కోరి వెళ్ళిపోయాడు. చిరునామా మారిపోయే సంగతి అడిగితే, "రౌటర్ సంగతి నెట్ వాళ్ళను అడగండి సార్, మాకు అందులోకి వెళ్ళే పర్మిషన్ లేదు" అన్నాడు. నెట్ వాళ్ళను అడిగితే అది ప్రింటర్ కంపెనీ పని అన్నారు. ఇద్దరి మధ్యలో ఉన్న ఆ చిన్న పనిని మనమే చేసుకోక తప్పదు.

మ్యాక్, ఐఫోన్, ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో మాత్రం చెప్పుకోవడానికి ఏ కష్టమూ లేదు. విడిగా సాఫ్ట్‌వేర్ లేకుండానే ముద్రించేలా యాపిల్ 2010లో తెచ్చిన ఎయిర్‌ప్రింట్ ఉన్నందున మా అమ్మాయి మ్యాక్‌బుక్‌లో ఏమీ అమర్చకుండానే ప్రింటర్ కనబడింది. ఆండ్రాయిడ్ వైపు ఇదే పని చేసే మోప్రియాను కెనాన్, హెచ్‌పీ, శామ్‌సంగ్, జిరాక్స్ కలిసి 2013లో ప్రారంభించాయి. విండోస్ కూడా ఇప్పుడు ఈ దారిలోకే వస్తోంది. కంపెనీల సొంత డ్రైవర్లకు (ప్రింటర్‌ను కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) విండోస్ అప్‌డేట్ ద్వారా ఇచ్చే తోడ్పాటును క్రమంగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించింది. అందువల్ల కొనేటప్పుడు పెట్టెలో సీడీ ఉందా అని కాకుండా, పెట్టె మీద ఎయిర్‌ప్రింట్, మోప్రియా ముద్రలు రెండూ ఉన్నాయా అని చూడడం మేలు. మా అమ్మాయి కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ నుంచి మాత్రం ప్రింట్ రాదు, ఎందుకంటే ల్యాప్‌టాప్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ తగిలించగానే ఇంటి నెట్‌వర్క్‌లోని పరికరాలేవీ దానికి కనబడవు. ఆ నేరం ప్రింటర్ మీద వేయలేం.

ముద్రణలో తెలుగు గురించి ఒక మాట. డ్రాఫ్ట్ మోడ్‌లో ఇంగ్లీషు అంకెలు, అక్షరాలు చదవడానికి సరిపోతాయి గానీ, చిన్న సైజు తెలుగులో వత్తులు, గుడి, సుడి గీతలు అక్కడక్కడా తెగిపోయి కనిపిస్తాయి. స్టాండర్డ్‌లో పెడితే అఫిడవిట్ కాగితాలు సైతం ముచ్చటగా వస్తాయి. కాగితం సైజు డ్రైవర్‌లో లెటర్ అని ఉండడం మరో చికాకు. లెటర్ పొడవు 279 మిల్లీమీటర్లు, ఏ4 పొడవు 297. పేజీ అడుగున సంతకం గడి తెగిపోతే ముందు అక్కడ చూడాలి. ఆధార్ కార్డు రెండు వైపులనూ ఒకే పేజీ మీద తీసే ఐడీ కాపీ బటన్ వల్ల మా క్లయింట్లు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకు వెళ్ళడం బాగా తగ్గింది. కాగితం రెండు వైపులా ముద్రించాలంటే చేత్తో తిప్పి పెట్టాలి, పెద్ద రిటర్నులకు అది విసుగు. వారానికి ఒక రంగు పేజీ అయినా తీయకపోతే ఇంకు చిమ్మే నాజిల్స్ ఎండిపోవచ్చు, హెడ్ క్లీనింగ్ చేసిన ప్రతిసారీ కొంత ఇంకు వృథాగా పోతుంది.

వైఫై మీద స్కాన్ చేయడానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ తప్పనిసరి, దాని తీరు నత్తనడక. ఎక్కువ పేజీలు ఉంటే మేం యూఎస్‌బీ కేబుల్‌నే వాడుతున్నాం. ఇల్లు, ఒకరిద్దరు పనిచేసే ఆఫీసు ఉన్నవారు, రౌటర్ పేజీ తెరవడానికి వెనుకాడనివారు దీన్ని నిశ్చింతగా కొనవచ్చు. అయిదారుగురు ఒకేసారి ప్రింట్లు ఇచ్చే చోటికైతే, కొంత ఎక్కువ పెట్టి ఈథర్‌నెట్ పోర్టు, చిన్న తెర, రెండు వైపులా తనంతట ముద్రించే సౌకర్యం ఉన్న మోడల్ తీసుకుని రౌటర్‌కు వైరుతోనే కలపమని చెబుతాను.